దూరం ఖర్చు ఎవరి ఖాతాలో? రవాణా రేటు పట్టిక వెనక చరిత్ర

ఈసారి విషయం పైకి చాలా పొడిగా కనిపిస్తుంది. సరుకు రవాణా సాఫ్ట్‌వేర్‌లో ఊరిని బట్టి కిరాయి ఎలా పెడతారు అన్నది. నేను పొట్టకూటికి చేసే పని ఇదే, కాబట్టి నాకు పొడిగా అనిపించదు. కానీ ఈ ఛానల్ చరిత్రది కదా, సాఫ్ట్‌వేర్ పాఠం ఎందుకు అంటారేమో. ఆ స్క్రీన్ మీద కనిపించే ప్రతి ఆప్షన్ వెనకా వందేళ్లో నూటయాభై ఏళ్లో చరిత్ర ఉంది. ఒక్కో ఆప్షన్ ఒక్కో దేశంలో కొన్ని ఊళ్లను బతికించింది, కొన్నింటిని ఎండగట్టింది. ఆ కథ చెప్దామని.

ముందు ఆ స్క్రీన్ ఎలా ఉంటుందో చూడండి. పక్కన బయల్దేరే ఊళ్లు వరసగా, పైన చేరాల్సిన ఊళ్లు వరసగా, మధ్యలో గళ్లు. విజయవాడ నుంచి వరంగల్ అనుకోండి, ఆ రెండూ కలిసే గడిలో ఒక అంకె. ఊళ్లు వంద ఉంటే గళ్లు పదివేలు. అన్నీ చేత్తో నింపలేం కాబట్టి సాఫ్ట్‌వేర్ కొన్ని దారులు ఇస్తుంది. కిలోమీటరుకు ఇంత అని పెట్టుకోవచ్చు. ఊళ్లను జోన్లుగా కట్టి జోనుకు ఇంత అనొచ్చు. లేదంటే ఎక్కడికైనా ఒకే రేటు అనేయొచ్చు. సాఫ్ట్‌వేర్ రాకముందు ఇదంతా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తా దగ్గర ఒక నోటుపుస్తకంలోనో, ఎక్కువగా ఆయన బుర్రలోనో ఉండేది. "రాజమండ్రికి బస్తా ఎంత?" అంటే టక్కున చెప్పేవాడు. ఎందుకంత అంటే మాత్రం చెప్పేవాడు కాదు.

ఆ "ఎందుకంత" దగ్గరే అసలు సంగతి ఉంది. సరుకు 500 కిలోమీటర్లు వెళ్లిందంటే ఆ 500 కిలోమీటర్ల డీజిలు, టోలు, డ్రైవరు బత్తా, టైర్ల అరుగుదల ఎవరో ఒకరు భరించాల్సిందే. స్క్రీన్ మీద ఏ పద్ధతి ఎంచుకున్నా ఆ ఖర్చు పైసా తగ్గదు. మారేదల్లా అది ఎవరి ఖాతాలో పడుతుందన్నదే. పంపేవాడా, తీసుకునేవాడా, దగ్గరున్నవాడా, దూరమున్నవాడా, ఖజానాయా? ఈ మాట గుర్తుంచుకోండి. ఇక మిగిలిన కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అన్నిటికన్నా సులువైనది "ఎక్కడికైనా ఒకే రేటు". ఇది ఉత్తరాలతో మొదలైంది. బ్రిటన్‌లో ఒకప్పుడు ఉత్తరం చార్జీ దూరాన్ని బట్టి, కాగితాల లెక్కను బట్టి ఉండేది. అది కూడా ఎక్కువగా అందుకున్నవాడే కట్టేవాడు. 1837లో రోలండ్ హిల్ అనే ఆయన ఒక చిన్న పుస్తకం వేసి లెక్కలు ముందు పెట్టాడు. లండన్ నుంచి ఎడిన్‌బరోకు ఒక ఉత్తరాన్ని మోసుకెళ్లడానికి నిజంగా అయ్యే ఖర్చు పెన్నీలో ముప్పయ్యారో వంతు! ఖర్చంతా ఉత్తరం తీసుకోవడంలో, దూరం చూసి చార్జీ కట్టడంలో, లెక్క రాయడంలో, ఇంటికెళ్లి డబ్బు వసూలు చేయడంలో అవుతోంది. అలాంటప్పుడు దూరం లెక్క ఎందుకు అని అడిగాడు. 1840లో దేశమంతా ఒక పెన్నీ అయింది. మన దగ్గర 1837 నాటి రేట్లలో కలకత్తా నుంచి బొంబాయికి తులం ఉత్తరానికి రూపాయి, ఆగ్రాకైతే పన్నెండణాలు. 1854 అక్టోబరు 1 నుంచి పావు తులం ఉత్తరం దేశంలో ఎక్కడికైనా అర్ధణా.

ఇది గొప్ప సంస్కరణే, సందేహం లేదు. కానీ ఇది ఎందుకు పనిచేసిందో గమనించాలి. ఉత్తరం బరువు లేదు కాబట్టి పనిచేసింది. దూరం ఖర్చు నిజంగానే నామమాత్రం కాబట్టి దాన్ని అందరికీ పంచితే ఎవరికీ నొప్పి తెలియలేదు. ఇదే సూత్రాన్ని బరువున్న సరుకు మీద పెడితే ఏమవుతుందో ముందు ముందు చూద్దాం.

ఇక జోన్ల పద్ధతి. ఇవాళ కొరియర్ సాఫ్ట్‌వేర్లలో కనిపించే జోన్లకు నాకు తెలిసినంతలో చక్కని పూర్వీకుడు అమెరికా పార్సిల్ పోస్టు. 1913 జనవరి 1న మొదలైంది. అక్కడి తపాలా శాఖవాళ్లు దేశ పటం మీద అక్షాంశ రేఖాంశాలతో గళ్లు గీశారు. ఒక్కో గడి అటు అర డిగ్రీ, ఇటు అర డిగ్రీ. ఒక గడి నుంచి ఇంకో గడికి ఉన్న దూరాన్ని బట్టి ఎనిమిది జోన్లు. మొదటిది 50 మైళ్ల దాకా, రెండోది 150, మూడోది 300, అలా పోతూ పోతూ 1,800 మైళ్లు దాటితే ఎనిమిదోది. ప్రతి పోస్టాఫీసుకూ తన గడి మధ్యలో ఉండే పటం, చుట్టూ వలయాలు. పోస్టుమాస్టరుకు పని సులువు. గడి చూడు, వలయం చూడు, బరువు చూడు, స్టాంపు అంటించు.

ఒకటే చిక్కు. ఆ దూరం పిట్ట ఎగిరిన దూరం. పటం మీద స్కేలు పెట్టి కొలిచిన దూరమన్నమాట. కొండలు, నదులు, లేని రోడ్లు ఆ లెక్కలోకి రావు.

ఈ కంత ఎంత పెద్దదో 1916లో యూటా రాష్ట్రంలోని వెర్నల్ అనే చిన్న ఊరు చూపించింది. అక్కడ ఒక బ్యాంకు భవనం కట్టాలి. మంచి ఇటుకలు సాల్ట్ లేక్ సిటీలో దొరుకుతాయి. స్కేలు పెట్టి కొలిస్తే రెండు ఊళ్ల మధ్య సుమారు 200 కిలోమీటర్లు, అంటే రెండో జోను. కానీ మధ్యలో పర్వతాలు, నేరుగా రైలు లేదు. సరుకు పక్క రాష్ట్రం కొలరాడో దాకా రైల్లో వెళ్లి, అక్కడ సన్న పట్టాల రైలెక్కి, ఆ తర్వాత బళ్ల మీద వెనక్కి రావాలి. మొత్తం 650 కిలోమీటర్ల పైమాట. మామూలు సరుకుగా పంపితే ఆ కిరాయి ఇటుకల ధరను మింగేస్తుంది. అందుకని ఆ కట్టేవాళ్లు ఇటుకల్ని ఒక్కొక్క మూట 50 పౌండ్ల లోపు ఉండేలా, అంటే 23 కిలోల లోపు, కాగితాల్లో చుట్టి పార్సిల్ పోస్టులో వేశారు! ఒకటీ రెండూ కాదు, ఎనభై వేల ఇటుకలు. తపాలా శాఖ స్టాంపు తీసుకుంది కాబట్టి కాదనలేదు. ఆ 650 కిలోమీటర్లూ 200 కిలోమీటర్ల రేటుకే మోసింది. తర్వాత హడావిడిగా రూలు తెచ్చారు. ఒక మనిషి ఒక మనిషికి రోజుకు 200 పౌండ్లకు మించి పంపకూడదని. ఆ బ్యాంకు భవనం ఇప్పటికీ ఉంది, ఇటుకలతో సహా.

ఈ కథ చెప్తే అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. కానీ నాకు ఎక్కువ పనికొచ్చింది దాని రెండో భాగం. ఆ ఇటుకల అసలు కిరాయి ఎవరు కట్టారు? దేశమంతా స్టాంపులు కొన్న జనం కట్టారు. వెర్నల్‌వాళ్ల దూరం ఖర్చు కనిపించకుండా అందరికీ పంచబడింది. వెర్నల్‌వాళ్ల వైపు నుంచి చూస్తే ఇంకో న్యాయం ఉంది. కొండల అవతల పుట్టడం వాళ్ల తప్పా? అమెరికాలో పార్సిల్ పోస్టు పెట్టిందే మారుమూల రైతుల కోసం. కాబట్టి ఇందులో ఎవర్ని దొంగ అనాలో అంత తేలిగ్గా తేలదు.

మూడో కథ అంత సరదాగా ఉండదు. ఇది ఉక్కుది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా ఉక్కు పరిశ్రమ ఒక లెక్క పాటించింది. దాని పేరు పిట్స్‌బర్గ్ ప్లస్. ఉక్కు ఎక్కడ తయారైనా సరే, కొనేవాడు కట్టాల్సింది పిట్స్‌బర్గ్ ధర, ప్లస్ పిట్స్‌బర్గ్ నుంచి అతని ఊరికి రైలు కిరాయి. మళ్లీ చెప్తాను, ఎక్కడ తయారైనా సరే. షికాగోలో ఒక వర్క్‌షాపు వాడు పక్క వీధిలోని మిల్లు నుంచి ఉక్కు కొన్నాడనుకోండి. ఆ ఉక్కు పిట్స్‌బర్గ్ మొహం ఎప్పుడూ చూడలేదు. అయినా టన్నుకు 7 డాలర్ల 60 సెంట్లు రైలు కిరాయి కట్టాలి. జరగని ప్రయాణానికి కిరాయి! అక్కడివాళ్లు దీనికి దయ్యం కిరాయి అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్ అని ఇంకో ఉక్కు ఊరుంది. ఇంగ్లండులోది కాదు, అమెరికాలోది. అక్కడ ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ కూతవేటు దూరంలో దొరుకుతాయి. కాబట్టి ఉక్కు చవగ్గా తయారవుతుంది. అలాంటి చోట ఉక్కు వాడే పరిశ్రమలు పుట్టగొడుగుల్లా లేవాలి కదా. అక్కడ కొనేవాడికి పిట్స్‌బర్గ్ ధర మీద టన్నుకు అదనంగా మొదట 3 డాలర్లు, తర్వాత 5 డాలర్లు వేశారు. ఊరికున్న వరం కాస్తా పట్టికలో గడి దగ్గరికొచ్చేసరికి మాయమైంది. దక్షిణాది పరిశ్రమ ఎందుకు ఎదగలేదు అన్న చర్చలో ఇప్పటికీ ఈ మాట వస్తుంది.

1924లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అమెరికా అతిపెద్ద ఉక్కు సంస్థను ఈ పద్ధతి మానమని ఆదేశించింది. పిట్స్‌బర్గ్ ఒక్కటే కాకుండా ఇంకొన్ని ఊళ్లను ఆధారంగా పెట్టుకుని ఇదే ఆట మరికొన్నేళ్లు సాగింది. 1948లో సిమెంటు కంపెనీల కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక గానీ దీని పునాది కదల్లేదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఎందుకంటే పిట్స్‌బర్గ్ ప్లస్ గురించి చదువుతుంటే నాకు మొదట తట్టింది జంషెడ్‌పూరే.

స్వాతంత్ర్యానికి ముందు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. రైల్వే రేట్లు ఓడరేవుల వైపు మొగ్గి ఉండేవని మన పారిశ్రామికవేత్తల పాత ఫిర్యాదు. ముడిసరుకు లోపలి ఊళ్ల నుంచి రేవుకు చవగ్గా పోతుంది, విదేశీ సరుకు రేవు నుంచి లోపలికి చవగ్గా వస్తుంది, లోపలి ఊరి నుంచి లోపలి ఊరికి మాత్రం రేటు ఎక్కువ. 1916-18 పారిశ్రామిక కమిషన్ కూడా ఈ విషయాన్ని పట్టించుకుంది. దిక్కును బట్టి రేటు మారడం అన్నది ఇవాళ లారీ కిరాయిల్లోనూ ఉంది. తిరుగు లోడు దొరికే వైపు ఒక రేటు, ఖాళీగా రావాల్సిన వైపు ఇంకో రేటు. అందుకే నేను పట్టిక వేసేటప్పుడు పోను, రాను రెండు గళ్లూ వేరువేరుగా పెడతాను. దూరం ఒకటే కదా అని ఒకే అంకె రెండు వైపులా పెట్టేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అవి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సరే. స్వతంత్ర భారతం ఓ పెద్ద నిర్ణయం తీసుకుంది. సమాన రవాణా చార్జీల విధానం. 1952లో మొదలైందని చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఉక్కుకు సంబంధించి గట్టిగా అమలైంది 1956 నుంచి అని లెక్క వేసేవాళ్లూ ఉన్నారు. సిమెంటుకూ ఇంచుమించు అప్పుడే దేశమంతా ఒకే ధర వచ్చింది. ఉద్దేశం మంచిదే. ఖనిజాలన్నీ తూర్పున, బీహారు, బెంగాలు, ఒరిస్సా, మధ్యప్రదేశ్‌ల వైపు ఉన్నాయి. మిగతా రాష్ట్రాలు ఏం పాపం చేశాయి? పరిశ్రమ దేశమంతా పెరగాలంటే ఉక్కు అందరికీ ఒకే ధరకు దొరకాలి అన్నారు. అప్పటి బీహారంటే ఇప్పటి జార్ఖండ్ కూడా కలిసి ఉన్నదే, అది మర్చిపోవద్దు.

ఇది పనిచేసిన తీరు చూడండి. అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి, అసలు రేట్లు కావు. జంషెడ్‌పూర్ పక్కన ఉన్నవాడికి టన్ను ఉక్కు రవాణా పది రూపాయలు, బొంబాయిలో ఉన్నవాడికి నూట తొంభై అనుకుందాం. సగటు వంద. ఇద్దరి దగ్గరా ధరలో కలిపి వంద తీసుకుంటారు. పక్కనున్నవాడు అదనంగా కట్టిన తొంభై ఒక నిధిలోకి వెళ్తుంది. ఆ నిధిలోంచి బొంబాయి సరుకు కిరాయికి తొంభై సర్దుతారు. అంతే. ప్రభుత్వం జేబులోంచి ఇచ్చిన సబ్సిడీ అని చాలామంది అనుకుంటారు. ఉక్కు విషయంలో దాని గుండెకాయ ఇది. దగ్గరున్నవాడి జేబులోంచి తీసి దూరమున్నవాడికి ఇవ్వడం. 1964లో జాయింట్ ప్లాంట్ కమిటీ ఏర్పడి ఈ ధరల వ్యవహారం నడిపింది. కంప్యూటరు లేని కాలంలో దేశం మొత్తానికి ఒకే గడి ఉన్న రేటు పట్టిక అన్నమాట.

షికాగోవాడు కట్టిన దయ్యం కిరాయికీ, జంషెడ్‌పూర్ పక్కవాడు కట్టిన ఆ తొంభైకీ తేడా ఏమిటి? అక్కడ అది ప్రైవేటు కంపెనీల లాభంలోకి పోయింది. ఇక్కడ ఇంకో రాష్ట్రం కొనుగోలుదారుకు పోయింది. నీతి వేరే, నిజమే. కట్టినవాడికి మాత్రం తేడా ఏమీ తెలియదు.

దీని ఫలితం ఒక్క రోజులో రాలేదు. ఫ్యాక్టరీ పెట్టాలనుకునేవాడు ఎలా ఆలోచిస్తాడు? ఉక్కు ఎక్కడైనా ఒకటే ధర. మరి కొనేవాళ్లు, రేవు, బ్యాంకులు, నేర్పున్న పనివాళ్లు ఉన్న చోట పెట్టుకుంటే పోలే? జంషెడ్‌పూర్ పక్కన పెట్టడానికి కారణం ఏముంది? అలా ఇంజనీరింగు పరిశ్రమ మెల్లిగా పడమటికీ, దక్షిణానికీ జరిగింది. తూర్పు రాష్ట్రాలకు ఇంకా మంట పుట్టించిన సంగతి ఇంకోటి. పత్తికి ఈ సమానత్వం లేదు. నూనెగింజలకు లేదు. బీహారు ఉక్కు బొంబాయిలో బీహారు ధరకే, కానీ పశ్చిమాది పత్తి పట్నాలో మాత్రం రైలు కిరాయి కలుపుకున్న ధరకు. ఇదేం సమానత్వం అని వాళ్లు దశాబ్దాల పాటు అడిగారు. నాకు ఆ ప్రశ్నకు జవాబు కనపడలేదు. ఏ సరుకుకు దూరం లెక్కపెట్టాలి, ఏ సరుకుకు వద్దు అన్నది కూడా పట్టిక వేసేవాడి చేతిలోనే ఉందని మాత్రం తెలుస్తోంది.

అయితే తూర్పు ఇండియా పతనమంతా ఈ ఒక్క విధానం నెత్తిన రుద్దడం కూడా సరికాదు. 1960ల్లో రైల్వే వ్యాగన్ల ఆర్డర్లు పడిపోయాయి, హౌరా ఇంజనీరింగు దెబ్బతింది, సమ్మెలు, కరెంటు కోతలు, భూమి సమస్యలు చాలా ఉన్నాయి. జాన్ ఫర్త్, ఎర్నెస్ట్ లియు అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ విధానం ప్రభావాన్ని విడిగా లెక్క కట్టే ప్రయత్నం చేశారు. ఉక్కు వాడే పరిశ్రమలు తూర్పున తగ్గి పడమటికి జరిగాయని, కానీ అది నెమ్మదిగా, ఏళ్ల మీద జరిగిందని తేల్చారు. వాళ్లు చెప్పిన ఇంకో విషయం చాలామంది అనుకునేదానికి ఎదురు. విధానం ఎత్తేశాక సగటు మీద ఆ ప్రభావం వెనక్కి తిరిగిందట. అన్ని చోట్లా ఒకేలా మాత్రం కాదు. పాత కథలు వినేటప్పుడు ఇలాంటి లెక్కలు పక్కన పెట్టుకోవడం మంచిది.

ఎత్తేయడానికి చాలా కాలం పట్టింది. సిమెంటు మీద నియంత్రణ 1982లో కొంత, 1989లో పూర్తిగా పోయింది. ఉక్కు ధరల నియంత్రణ 1992 మొదట్లో ఎత్తేశారు. దాంతో సమాన చార్జీల కథ కూడా ఒకటి రెండేళ్లలో ముగిసింది.

ఇక్కడే మన ఊసు వస్తుంది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ఉద్యమం జరిగింది, ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో. ప్రధాని పి.వి. నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. ఈ తేదీలు ఉక్కు ధరల తేదీల పక్కన పెట్టి చూడండి. ఉద్యమం నడిచిన కాలంలో దేశమంతా ఉక్కు ఒకే ధర. అంటే ప్లాంటు మనకొచ్చినా, గాజువాకలో వెల్డింగు షాపువాడికి ఉక్కు భిలాయి పక్కవాడికన్నా, ఢిల్లీవాడికన్నా ఒక్క రూపాయి చవగ్గా దొరికేది కాదు. ఉద్యోగాలొస్తాయి, అనుబంధ పనులొస్తాయి, ఆత్మగౌరవం సరే సరి. ధర లాభం మాత్రం ఆనాటి పట్టికలో లేదు. ఆ లాభానికి దారి తెరుచుకున్న ఏడాదీ, ప్లాంటు జాతికి అంకితమైన ఏడాదీ ఒకటే అవడం కాకతాళీయమే. ఈ రెండింటినీ కలిపి మాట్లాడుకోవడం మాత్రం నేను పెద్దగా వినలేదు.

సమాన ధర అన్నది పూర్తిగా పోలేదు కూడా. యూరియా తీసుకోండి. 45 కిలోల బస్తా రూ. 266.50, దేశంలో ఎక్కడైనా. రామగుండంలో పాత ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడి, కొత్తది 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ ఫ్యాక్టరీ పొగ కనపడే ఊళ్లో రైతుకూ, హిమాలయాల్లో రైతుకూ బస్తా ఒకే ధర. ఇక్కడ తేడా ఏమిటంటే రామగుండం రైతు దగ్గర అదనంగా తీసి కొండల్లో రైతుకు ఇవ్వడం లేదు. రవాణా ఖర్చును సబ్సిడీగా ఖజానా భరిస్తోంది. ఉక్కుకూ యూరియాకూ రేటు పట్టిక చూస్తే ఒకటే, ఒకే గడి. ఖాతా మాత్రం వేరు. అందుకే నేను యూరియా ఒకే ధర మీద పెద్దగా గొడవపడను. ఉక్కు ఒకే ధర మీద పడతాను.

ఇప్పుడు మళ్లీ స్క్రీన్ దగ్గరికి. ఈ చరిత్రంతా రోజువారీ సెట్టింగుల్లో ఎక్కడెక్కడ కనపడుతుందో చెప్తాను.

రైల్వేలు వాడే టెలిస్కోపిక్ రేటు అని ఒకటుంది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు రేటు తగ్గుతుంది. న్యాయమే, ఎందుకంటే ఎక్కించే దించే ఖర్చు ఒక్కసారే కదా. దీన్ని సాఫ్ట్‌వేర్‌లో శ్లాబులుగా పెట్టాలి. అక్కడ ఒక చిన్న టిక్కు ఉంటుంది. కొత్త శ్లాబు రేటు మొత్తం దూరానికి వర్తిస్తుందా, ఆ శ్లాబులో పడిన కిలోమీటర్లకే వర్తిస్తుందా అని. మొత్తానికి అని పెట్టారనుకోండి. 500 దాకా కిలోమీటరుకు పది, దాటితే తొమ్మిది. అప్పుడు 499 కిలోమీటర్ల ఊరికి 4,990 అవుతుంది, 501 కిలోమీటర్ల ఊరికి 4,509. దూరపు ఊరికి చవక, దగ్గరి ఊరికి ఖరీదు! ఆ ఒక్క టిక్కు తప్పు పడితే సరిహద్దుకు ఇవతల ఉన్న ఊళ్లవాళ్లందరూ ఎందుకో తెలియకుండా ఎక్కువ కడుతూ పోతారు. ఇన్వాయిసులో అది తప్పులా కనపడదు. అంకె అంకెలాగే ఉంటుంది.

కొరియర్ జోన్లు చూడండి. చాలా సంస్థల పట్టికల్లో వరస ఇలా ఉంటుంది. ఊళ్లోనే, రాష్ట్రంలోనే, మెట్రో నుంచి మెట్రోకు, మిగతా దేశం, చివర్లో ఈశాన్యం, జమ్మూ కశ్మీరు. హైదరాబాదు నుంచి ఢిల్లీ 1,500 కిలోమీటర్ల పైనే, అయినా మెట్రో రేటు. రాయపూరు అందులో సగం దూరం, అయినా "మిగతా దేశం" రేటు. కారణం ఉంది. ఢిల్లీకి రోజూ నిండు లోడు, తిరుగు లోడు. ఖర్చు నిజంగానే తక్కువ. కానీ ఒక చిన్న ఊళ్లో ఇంటి దగ్గర చీరలో, పచ్చళ్లో అమ్ముకునే మనిషికి ఈ జోను పేరు జీవితకాలపు పన్నులా పడుతుంది. లోడు లేదు కాబట్టి రేటు ఎక్కువ, రేటు ఎక్కువ కాబట్టి లోడు రాదు.

ఇక ఈ జోన్లన్నీ కట్టేది దేని మీద? పిన్‌కోడ్ మీద. 1972 ఆగస్టు 15న శ్రీరామ్ భికాజీ వేలంకర్ ఆధ్వర్యంలో వచ్చింది. ఆయన సంస్కృత పండితుడు కూడా. మొదటి అంకె 5 అంటే మన రెండు రాష్ట్రాలు, కర్ణాటక. ఆరంకెల్లో ఇంత పని చేసే ఏర్పాటు నాకు చాలా ఇష్టం. కానీ దాన్ని పుట్టించింది ఉత్తరాలు వేరుచేయడానికి. రవాణా ఖర్చు కొలవడానికి కాదు. ఈ-వే బిల్లు పోర్టల్ కూడా ఇప్పుడు పిన్‌కోడ్ నుంచి పిన్‌కోడ్‌కు దూరం తానే లెక్కపెట్టి చూపిస్తుంది. కావాలంటే మనం దాని మీద పది శాతం దాకా ఎక్కువ వేసుకోవచ్చు. బిల్లు గడువు కూడా ఆ దూరం మీదే, 200 కిలోమీటర్లకు ఒక రోజు.

మైదానంలో ఇది బాగానే నడుస్తుంది. ఏజెన్సీ ప్రాంతంలో ఒక పిన్‌కోడ్ కింద రోడ్డు మీది ఊరూ ఉంటుంది, ఘాటు ఎక్కి, వాగు దాటి వెళ్లాల్సిన గూడెమూ ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు రెండూ ఒకటే చుక్క. అప్పుడు రెండే జరుగుతాయి. కొన్ని కంపెనీలు మొత్తం పిన్‌కోడ్‌ను "సర్వీసు ఏరియా బయట" అని గుర్తు పెట్టి అందరి మీదా అదనపు చార్జీ వేస్తాయి. అప్పుడు రోడ్డు పక్క ఊరివాళ్లు తమది కాని ఘాటుకు కిరాయి కడతారు. ఇంకొన్ని ఏమీ వేయవు, అప్పుడు గూడెం దాకా వెళ్లాల్సిన డ్రైవరు వెళ్లడు, "అడ్రసు దొరకలేదు" అని కొట్టి వెనక్కి పంపేస్తాడు. పార్సిల్ రాని ఆ మనిషి ఏ లెక్కలోనూ కనపడడు.

అందుకని నేను ఇలాంటి చోట్ల పిన్‌కోడ్ కింద ఇంకో వరస పెట్టిస్తాను. ఊరి పేరు, ఆఖరి రోడ్డు దూరం, బండి రకం. లారీ ఎక్కడిదాకా, ఆటో ఎక్కడిదాకా, ఆ తర్వాత ఎవరు మోస్తారు. ఆ ఆఖరి ముక్క ఖర్చు విడిగా కనపడాలి, దాన్ని ఎవరు భరిస్తున్నారో కూడా ఆ వరసలోనే రాయాలి. పంపేవాడైతే పంపేవాడు, కంపెనీ అయితే కంపెనీ. నింపడానికి రెండు మూడు వారాలు పడుతుంది, లోకల్ డ్రైవర్లను కూర్చోబెట్టుకోవాలి, పైవాళ్లు విసుక్కుంటారు. "గూగుల్ మ్యాపులో ఉంది కదా" అంటారు. వర్షాకాలంలో వాగు ఎక్కడ పొంగుతుందో ఆ మ్యాపులో లేదు, డ్రైవరుకు తెలుసు.

వచ్చే ఎపిసోడ్‌లో రైల్వే సరుకుల వర్గీకరణ తీసుకుందాం. ఉప్పుకు ఒక తరగతి, ఉక్కుకు ఒక తరగతి ఎందుకు వచ్చాయో చూద్దాం. ఉంటానండీ.